చకర్‌భాఠా రన్‌వేను వదలని రైల్వే ఊరు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో రాఘవేంద్రరావు సభా భవన్ అందరికీ తెలిసిన చోటు. ఆ భవనానికి పేరిచ్చిన ఇ. రాఘవేంద్రరావు తెలుగు మూలాలున్న నాయకుడు. ఆయన కామ్టీలో పుట్టి, ఇంగ్లండులో బారిస్టరు చదివి, బిలాస్‌పూర్‌లో న్యాయవాదిగా, ప్రజానాయకుడిగా ఎదిగారు. 1936లో కొన్ని నెలలు సెంట్రల్ ప్రావిన్సెస్‌కు తాత్కాలిక గవర్నరుగా కూడా ఉన్నారు. ఆ భవన్ ఆవరణలోనే 2019 అక్టోబరులో ఒక టెంటు వెలిసింది. ‘హవాయీ సువిధా జన్ సంఘర్ష్ సమితి’ పేరుతో ఊరి జనం ధర్నాకు కూర్చున్నారు. లాయర్లు, వర్తకులు, విద్యార్థులు, కులసంఘాలు, కార్మిక సంఘాలు వంతులవారీగా వచ్చి కూర్చునేవారు. వాళ్లు అడిగింది ఒక్కటే. ఊరి పక్కనే ఉన్న చకర్‌భాఠా రన్‌వే మీద ప్రయాణికుల విమానం దిగాలి.

తాగునీటికీ, రేషను బియ్యానికీ, బస్సుకీ ధర్నా చేయడం మనకు తెలుసు. విమానం కోసం నెలల తరబడి టెంటులో కూర్చోవడం కొత్త సంగతి. విమానం డబ్బున్నవాళ్ల సౌకర్యం కదా, దానికి ఉద్యమమెందుకని తేలిగ్గా తీసిపారేసినవారూ ఉన్నారు. కానీ ఆ టెంటులో కూర్చున్నవారికి మిగతా దేశం ఇంకా గుర్తించని విషయం ఒకటి అర్థమైంది. చిన్న విమానాశ్రయాన్ని ఎవరూ ఒక ఉత్తర్వు ఇచ్చి మూసేయరు. దాన్ని వాడకుండా వదిలేస్తారు. కొన్నేళ్లకు గడ్డి మొలుస్తుంది, ప్రహరీ కూలుతుంది, భూమి వేరే శాఖల చేతికి పోతుంది. అప్పటికి ఇక్కడ ఒకప్పుడు రన్‌వే ఉండేదని చెప్పేవారు కూడా మిగలరు. బిలాస్‌పూర్ ఆ దశకు చేరక ముందే మేలుకుంది. తెలుగు రాష్ట్రాల్లోని చాలా ఊళ్లు మేలుకోలేదు.

చకర్‌భాఠా రన్‌వే రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటిది. బర్మా జపాను చేతికి పోయాక తూర్పు, మధ్య భారతమంతా బ్రిటిష్ ప్రభుత్వం హడావుడిగా ఎయిర్‌ఫీల్డులు వేసింది. ప్రకాశం జిల్లా దొనకొండ రన్‌వే కూడా ఆ యుద్ధ అవసరాల్లోంచే పుట్టింది. యుద్ధం ముగిశాక వీటిలో చాలావరకు పొలాల మధ్య సిమెంటు చారలుగా మిగిలాయి. చకర్‌భాఠాకు 1980లలో వాయుదూత్ సంస్థ కొంతకాలం ఊపిరి పోసింది. చిన్న ఊళ్లను విమానాలతో కలపడానికే 1981లో ప్రభుత్వం పెట్టిన సంస్థ అది. అదే నిలదొక్కుకోలేక 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అప్పటి నుంచి 2021 దాకా ఈ రన్‌వే మీద మంత్రుల హెలికాప్టర్లు, అప్పుడప్పుడు ఒక ప్రైవేటు విమానం తప్ప టికెట్ కొన్న మనిషి దిగింది లేదు.

ఈలోగా ఊరు మాత్రం పెరుగుతూ పోయింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడినప్పుడు రాజధాని రాయ్‌పూర్‌కు, హైకోర్టు బిలాస్‌పూర్‌కు వచ్చాయి. దేశంలో బొగ్గు ఉత్పత్తిలో ముందువరుసలో ఉండే సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం ఇక్కడే. ఊరికి దగ్గర్లోని సీపత్‌లో 2,980 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్కేంద్రం ఉంది. వీటన్నిటికీ ముందు నుంచీ ఉన్నది రైల్వే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని జంక్షను చేసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి బి.ఎన్.ఆర్. కొలువుల కోసం ఖరగ్‌పూర్ వెళ్లినట్టే బిలాస్‌పూర్‌కూ తెలుగు కుటుంబాలు వలస వచ్చాయి. ఇవాళ వారి మూడో తరం, నాలుగో తరం పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ మాట్లాడుతున్నారు. బిలాస్‌పూర్ - తిరుపతి ఎక్స్‌ప్రెస్, కోర్బా - విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఈ కుటుంబాలకు పుట్టింటి బళ్లు.

ఈ ఊరి పట్టుదలకు రైల్వే చరిత్రే సాక్ష్యం. ఆగ్నేయ రైల్వేలో ఒక డివిజనుగా ఉండి, ఆదాయం తెచ్చేది మేమైతే పెత్తనం కలకత్తాదా అని బిలాస్‌పూర్ ఏళ్ల తరబడి పోరాడింది. చివరికి బిలాస్‌పూర్, రాయ్‌పూర్, నాగపూర్ డివిజన్లతో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ 2003లో పని మొదలుపెట్టింది, దాని కేంద్రం బిలాస్‌పూరే. విశాఖ జోన్ కోసం ఉత్తరాంధ్ర ఎంత ఎదురుచూసిందో, 2019 ఫిబ్రవరిలో ప్రకటన వచ్చాక కూడా శంకుస్థాపనకు 2025 జనవరి దాకా ఎలా ఆగాల్సివచ్చిందో తెలిసిన తెలుగు పాఠకులకు బిలాస్‌పూర్ పోరాటం విలువ వేరే చెప్పనక్కర్లేదు. జోన్ సాధించుకున్న ఊరికి విమానం సాధించడం అసాధ్యంగా కనిపించలేదు. పైగా ఆ రైలు బండి మీద కూడా భరోసా తగ్గుతూ వచ్చింది. 2022 వేసవిలో విద్యుత్కేంద్రాలకు బొగ్గు కొరత వచ్చినప్పుడు గూడ్సు బళ్లకు దారివ్వడానికి ఛత్తీస్‌గఢ్ మీదుగా నడిచే ప్రయాణికుల రైళ్లను పెద్దసంఖ్యలో రద్దు చేశారు. ఆ తర్వాతి ఏళ్లలోనూ మూడో లైను పనుల పేరుతో, ట్రాకు మరమ్మతుల పేరుతో రద్దులు కొనసాగాయి. దేశానికి బొగ్గు మోసిపెట్టే ఊరి మనుషులకే వాళ్ల రైలు దొరకని పరిస్థితి అది.

ధర్నా ఒకవైపు సాగుతుండగా, హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యాలు మరోవైపు నడిచాయి. హైకోర్టు ఉన్న ఊరికి విమానం లేకపోవడమేమిటన్న వాదన న్యాయవాదులదే గనక, వ్యాజ్యాలు మూలన పడలేదు. వాయిదా వాయిదాకూ రన్‌వే పని ఎంతవరకు వచ్చింది, లైసెన్సు ఎక్కడ ఆగింది, డబ్బు విడుదలైందా అని కోర్టు రాష్ట్రాన్నీ కేంద్రాన్నీ అడుగుతూ వచ్చింది. అప్పటిదాకా చకర్‌భాఠాకు ఉన్నది చిన్న విమానాలకు సరిపోయే 2సీ స్థాయి. దాన్ని 70 సీట్ల ఏటీఆర్ దిగగలిగే 3సీ స్థాయికి పెంచారు. 2021 మార్చి 1న అలయన్స్ ఎయిర్ విమానం జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్ మీదుగా ఢిల్లీని బిలాస్‌పూర్‌తో కలిపింది. విమానాశ్రయానికి బిలాసా దేవి కేవట్ పేరు పెట్టారు. అరపా నది ఒడ్డున పడవలు నడిపే, చేపలు పట్టే కేవట్ల కుటుంబంలో పుట్టిన బిలాసా పేరు మీదే ఊరికి బిలాస్‌పూర్ అన్న పేరు వచ్చిందని స్థానికుల నమ్మకం. దేశంలో విమానాశ్రయాలకు ఎక్కువగా రాజులు, ప్రధానులు, ముఖ్యమంత్రుల పేర్లే ఉంటాయి. బెస్త ఆడబిడ్డ పేరున్న విమానాశ్రయం అరుదు. ఆ నిర్ణయానికి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలి.

ఇలాంటి విమానాశ్రయం ఎలా ఉంటుందో శంషాబాద్ అలవాటైనవారు ఒకసారి ఊహించుకోవాలి. ఇక్కడ ఏరోబ్రిడ్జి లేదు. ఏటీఆర్‌కు ప్రయాణికుల తలుపు వెనకవైపు ఉంటుంది, ఆ తలుపే కిందికి వాలి మెట్లవుతుంది. ప్రయాణికులు ఎండలో నాలుగడుగులు నడిచి ఆ మెట్లెక్కుతారు. ముందువైపు కాక్‌పిట్ వెనక ఉన్న అరలో సామాను సర్దుతారు. సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల రన్‌వే ఈ విమానానికి చాలు. అదే హైదరాబాద్, ముంబయి మధ్య తిరిగే ఎయిర్‌బస్‌కు అంతకంటే చాలా పొడవు కావాలి. మొదట్లో ఇక్కడ కంటిచూపు నిబంధనల మీదే విమానాలు దిగేవి. అంటే పైలట్‌కు ఐదు కిలోమీటర్ల దూరం కనపడాలి. చలికాలం పొద్దున మంచు కమ్మితే విమానం ఆలస్యం, లేదంటే రాయ్‌పూర్‌కు మళ్లింపు. సాయంత్రం చీకటి పడితే అసలు దిగడానికే వీలుండేది కాదు. ఈ పరిమితుల మధ్య ఒక సర్వీసు నడపడం కత్తి మీద సాము.

విమానం రాగానే ఊరు సంబరాలు చేసుకుంది. అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. 2022లో భోపాల్‌కు మొదలుపెట్టిన సర్వీసు నిలవలేదు. ఢిల్లీ విమానం వారానికి ఎన్ని రోజులు, ఏ ఊరి మీదుగా అన్నది మారుతూ వచ్చింది. వేళ మారిన ప్రతిసారీ కొంతమంది ప్రయాణికులు రాయ్‌పూర్‌కు అలవాటు పడతారు. వాళ్లు అలవాటు పడ్డాక సీట్లు నిండవు. సీట్లు నిండలేదని సర్వీసు తగ్గిస్తారు. తగ్గించాక మిగిలినవారు కూడా పోతారు. ఆ మీదట డిమాండు లేదన్న మాట రికార్డుల్లోకి ఎక్కుతుంది. చిన్న విమానాశ్రయం మూతపడే తీరు ఇదే. బిలాస్‌పూర్ సమితి ఈ తీరును ముందే పసిగట్టింది కాబట్టే విమానం వచ్చాక కూడా ఆందోళన విరమించలేదు. రాత్రి దిగే ఏర్పాటు కావాలి, రన్‌వే పొడిగించాలి, ముంబయి, హైదరాబాద్, బెంగళూరు వైపు విమానాలు కావాలని అడుగుతూనే ఉంది. 2024 మార్చిలో కోల్‌కతాకు విమానం వచ్చిందంటే అది ఆ పోరు ఫలితమే.

దేశమంతటా ఇదే పరిస్థితి అని కాగ్ లెక్కలే చెబుతున్నాయి. ఉడాన్ పథకం తొలి విమానాలు 2017 ఏప్రిల్ 27న ఎగిరాయి. సిమ్లా - ఢిల్లీతో పాటు కడప - హైదరాబాద్ కూడా ఆ రోజు ప్రధాని జెండా ఊపిన మార్గాల్లో ఒకటి. గంట ప్రయాణానికి 2,500 రూపాయల ధర, విమానంలో సగం సీట్లకు ఆ పరిమితి, నష్టాన్ని కేంద్రం, రాష్ట్రం కలిసి మూడేళ్లు భరించడం, ఇదీ పథకం. ఆలోచన మంచిదే. ఆచరణ గురించి 2023 నాటి కాగ్ నివేదిక చదివితే మనసు కలుక్కుమంటుంది. మూడో విడత దాకా కేటాయించిన 774 మార్గాల్లో 403 మార్గాల్లో విమానమే మొదలవలేదు. మొదలైన 371లో మూడేళ్ల గడువు పూర్తిచేసుకున్నవి 112. ఆ గడువు ముగిశాక, 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. కేటాయించినవాటిలో అది ఏడు శాతం.

ఆ ఏడు శాతంలోకి రాని ఊళ్లు మనకు దూరంగా లేవు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ట్రూజెట్ 2015లో మొదలై, కడప, బీదర్, నాందేడ్ లాంటి ఊళ్లకు విమానం అంటే ఏమిటో చూపించి, 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఆ సంస్థ చిన్న ఊళ్లనే నమ్ముకుంది. అది పడిపోగానే ఆ ఊళ్ల టెర్మినళ్లలో దీపాలు ఆరిపోయాయి. బస్తర్‌లోని జగదల్‌పూర్‌కు 2018లో మొదలైన చిన్న విమాన సర్వీసు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 2020 సెప్టెంబరులో అలయన్స్ ఎయిర్ వచ్చి రాయ్‌పూర్ - జగదల్‌పూర్ - హైదరాబాద్ విమానం నడిపిన తర్వాతే బస్తర్‌కు హైదరాబాద్ ఆసుపత్రుల దారి దగ్గరైంది. ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్‌లో 2021లో అంతర్జాతీయ విమానాశ్రయమే ప్రారంభించారు. కొన్నేళ్లు తిరక్కుండానే అక్కడ రోజువారీ విమానాలు ఆగిపోయాయి.

సర్వీసు ఆగిపోవడం వేరు, భూమి పోవడం వేరు. ఈ రెంటినీ కలిపి చూడటమే మన ప్రభుత్వాలు చేసే పెద్ద పొరపాటు. విమాన సంస్థ వెళ్లిపోతే మరో సంస్థ రావచ్చు. రన్‌వే భూమి ముక్కలైతే దాన్ని తిరిగి కూడగట్టడానికి తరాలు పడుతుంది. ఇది తెలియాలంటే వరంగల్ వైపు చూడాలి.

మామునూరు ఎయిర్‌ఫీల్డును 1930లో నిజాం హయాంలో 1,875 ఎకరాల్లో నిర్మించారు. ఆజంజాహీ మిల్లు వచ్చిన వరంగల్‌కు అది అప్పట్లో దేశంలోని పెద్ద విమానాశ్రయాల్లో ఒకటి. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ఢిల్లీకి ముప్పుందన్న భయంతో ప్రభుత్వ విమానాలను ఇక్కడ ఉంచారని వరంగల్ జనం గర్వంగా చెప్పుకుంటారు. 1981 దాకా నడిచింది. తర్వాత ఏమైందంటే, ఏమీ కాలేదు. ఎవరూ మూసేస్తున్నామని ప్రకటించలేదు. విమానాలు రావడం మానేశాయి. ఆ భూమిలో కొంత పోలీసు బెటాలియన్‌కు, కొంత ఇతర శాఖలకు పోయింది. చివరికి విమానాశ్రయ సంస్థ చేతిలో మిగిలింది ఏడు వందల ఎకరాల లోపే. దాని మీద మరో తాళం కూడా పడింది. శంషాబాద్ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్లపాటు మరో విమానాశ్రయం రాకూడదన్న నిబంధన ఆ విమానాశ్రయ నిర్మాణ ఒప్పందంలో ఉంది. దాంతో వరంగల్ కోరిక ఎన్నికల సభల్లో హామీగానే తిరిగింది. 2024 నవంబరులో 253 ఎకరాల సేకరణకు తెలంగాణ ప్రభుత్వం 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. శంషాబాద్‌ను నడిపే జీఎంఆర్ అభ్యంతరం లేదన్నాక 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి వచ్చింది. లెక్క వేస్తే ఎకరానికి 81 లక్షల చిల్లర. ఒకనాడు 1,875 ఎకరాలు చేతిలో ఉన్న చోట, ఇవాళ 253 ఎకరాలను ఆ ధరకు కొనాల్సివచ్చింది. అందులో తరతరాలుగా సాగు చేసుకుంటున్న రైతుల కన్నీళ్ల ఖరీదు లేదు. నలభై ఏళ్ల అలక్ష్యానికి చివరికి మూల్యం చెల్లిస్తున్నది ఆ రైతులే.

చకర్‌భాఠాది ఇంచుమించు ఇదే కథ. రన్‌వే చుట్టూ వెయ్యి ఎకరాలకు పైగా భూమిని సైన్యం శిక్షణ కేంద్రం కోసం ఇచ్చేశారు. ఆ కేంద్రం అనుకున్నట్టు రాలేదు. రన్‌వేను పొడిగించి పెద్ద జెట్ విమానాలు దిగేలా చేయాలంటే ఆ భూమిలో మూడు వందల ఎకరాలకు కొంచెం తక్కువగా తిరిగి కావాలి. రాష్ట్రం ఇచ్చిన భూమినే రాష్ట్రం వెనక్కి అడగడానికి రక్షణ శాఖ, రెవెన్యూ శాఖ, పౌర విమానయాన శాఖల మధ్య ఉత్తరాలు ఏళ్ల తరబడి తిరిగాయి, హైకోర్టు ఎన్నోసార్లు మందలించింది. అప్పట్లో భూమి ఇచ్చేటప్పుడే రన్‌వే రెండు కొసల దగ్గరా కొంత మిగిల్చి ఉంచాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఒక మ్యాపు ముందు పెట్టుకుని గంటసేపు ఆలోచిస్తే తేలే పని అది.

విమానాశ్రయాన్ని మూసేయడం అంత తేలికని ఎవరైనా అనుకుంటే షికాగోలో జరిగినది గుర్తు చేయాలి. మిషిగన్ సరస్సు ఒడ్డున, నగరం నడిబొడ్డున మెగ్స్ ఫీల్డ్ అనే చిన్న విమానాశ్రయం ఉండేది. సొంత విమానాలున్నవారు, డాక్టర్లు, శిక్షణ తీసుకునే కుర్రాళ్లు దాన్ని వాడేవారు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఆటలో చాలాకాలం మొట్టమొదట కనిపించే రన్‌వే అదే గనక, కంప్యూటరు ముందు కూర్చున్న ఎంతోమంది పిల్లలకు అదే తొలి విమానాశ్రయం. 2003 మార్చి 30 రాత్రి, మేయర్ రిచర్డ్ డేలీ ఆదేశంతో బుల్డోజర్లు వచ్చి రన్‌వే మీద పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు తవ్వేశాయి. తెల్లవారేసరికి 16 విమానాలు అక్కడే చిక్కుకుపోయాయి. తర్వాత అవి పక్కనున్న ట్యాక్సీవే మీంచే ఎగిరి వెళ్లాల్సివచ్చింది. ముందుగా తెలియజేయకుండా మూసినందుకు అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ నగరానికి వేసిన జరిమానా 33,000 డాలర్లు. అదంతా అన్యాయమని అక్కడి పత్రికలు గోలచేశాయి, జనం గుర్తుపెట్టుకున్నారు. మన దగ్గర బుల్డోజరు రాదు, వార్త రాదు, జరిమానా ఉండదు. టైమ్‌టేబుల్‌లోంచి ఒక లైను మాయమవుతుంది, అంతే.

ఇక్కడ ఎదుటివారి వాదన కూడా వినాలి. రాయ్‌పూర్ స్వామి వివేకానంద విమానాశ్రయం బిలాస్‌పూర్‌కు సుమారు 120 కిలోమీటర్లే. రోడ్డు బాగుపడింది, రెండు రెండున్నర గంటల్లో చేరిపోవచ్చు. 2022 డిసెంబరు నుంచి బిలాస్‌పూర్ - నాగపూర్ వందే భారత్ కూడా నడుస్తోంది. అలాంటప్పుడు 70 సీట్ల విమానానికి జనం పన్ను డబ్బు ఎందుకు పెట్టాలి? ప్రశ్న సబబైనదే. జవాబు కోసం బిలాస్‌పూర్ దాటి చూడాలి. కోర్బా గనుల్లో పనిచేసేవారికి, జాంజ్‌గీర్, అంబికాపూర్ వైపు వారికి రాయ్‌పూర్ ఇంకా దూరం. రాష్ట్రంలోని ఉత్తర జిల్లాలన్నిటికీ బిలాస్‌పూరే ఆసుపత్రి, బిలాస్‌పూరే కోర్టు, బిలాస్‌పూరే సంత. కోర్టు వాయిదాకో, ఆపరేషనుకో వచ్చిపోయేవారికి ఆ రెండున్నర గంటలు ఒక రోజంత అవుతాయి. ఇంకో సంగతి, ఉడాన్ సాయం ఆకాశం నుంచి ఊడిపడలేదు. పెద్ద నగరాల మధ్య విమానమెక్కే ప్రయాణికుల మీద వేసే చిన్న సుంకంలోంచే అది వస్తుంది. హైదరాబాద్ - ఢిల్లీ ప్రయాణికుడి టికెట్‌లోంచి కడపకో, బిలాస్‌పూర్‌కో కొంత పోవడం న్యాయమే.

ఇంకో వాదన మరింత బలమైనది. చిన్న విమానాశ్రయాల చుట్టూ ఉండేవారి ఆరోగ్యం. మన తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్న సిలికాన్ వ్యాలీలో, శాన్‌హోసె తూర్పు భాగంలో రీడ్ - హిల్‌వ్యూ అనే చిన్న విమానాశ్రయముంది. పిస్టన్ ఇంజిన్ల చిన్న విమానాలు సీసం కలిసిన పెట్రోలు వాడతాయి. ఆ చుట్టుపక్కల ఉండేది ఎక్కువగా తక్కువ ఆదాయపు వలస కుటుంబాలు. వాళ్ల పిల్లల రక్తంలో సీసం గురించి 2021 ఆగస్టులో వచ్చిన అధ్యయనం ఆ ప్రాంతాన్ని కుదిపేసింది. 2022 జనవరి 1 నుంచి అక్కడ సీసం పెట్రోలు అమ్మకం ఆపేశారు. విమానాశ్రయాన్నే మూసేయాలని కౌంటీ నిర్ణయించుకుంది. పిల్లల ఆరోగ్యం ముందు పైలట్ల సరదా ఎంత మాత్రం పెద్దది కాదు. అలాంటి మూతను ఎవరూ తప్పుపట్టలేరు. దానిలో మనం చూడాల్సింది ఇంకొకటుంది. అక్కడ అధ్యయనం జరిగింది, బహిరంగ విచారణలు జరిగాయి, కారణం కాగితం మీద ఉంది. మామునూరుకు అలాంటి కాగితం ఒక్కటైనా లేదు. పోతే, చకర్‌భాఠాలో దిగే ఏటీఆర్ టర్బైన్ ఇంజిన్ల విమానం, దాని ఇంధనంలో సీసం ఉండదు.

విపత్తు వచ్చినప్పుడు చిన్న రన్‌వే విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ విమానాశ్రయం పైకప్పును పెకిలించివేసినప్పుడు రోజుల తరబడి ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. 2015 డిసెంబరులో చెన్నై విమానాశ్రయం నీట మునిగితే అరక్కోణంలోని నౌకాదళ రన్‌వే ప్రయాణికులను ఆదుకుంది. 2018 ఆగస్టులో వరదల్లో కొచ్చి విమానాశ్రయం రెండు వారాలు మూతపడితే, నగరంలో ఉన్న నౌకాదళ స్థావరంలో అలయన్స్ ఎయిర్ ఏటీఆర్‌లు దిగాయి. పెద్ద జెట్ దిగలేని చోట ఈ చిన్న విమానమే దిగింది. బొగ్గు గనుల మీద, రైలు మార్గాల మీద ఇంతగా ఆధారపడిన ఉత్తర ఛత్తీస్‌గఢ్‌లో ఒక పెద్ద గని ప్రమాదమో, రైలు ప్రమాదమో జరిగిన రోజున డాక్టర్లనూ, ఎయిర్ అంబులెన్సునూ దించడానికి చకర్‌భాఠా లాంటి రన్‌వే దగ్గర్లో ఉండటం ఎంతో అవసరం.

ఇప్పుడు చేయాల్సినవి మరీ పెద్ద పనులేం కావు. ఉడాన్ మార్గాలకు మూడేళ్ల గడువు తీరగానే సాయం ఆపేయడం మానాలి. సీట్లు సగం నిండుతున్న మార్గానికి మరికొన్నేళ్లు తగ్గిస్తూ తగ్గిస్తూ సాయం ఇవ్వాలి. రైల్వే నష్టం వచ్చే లైన్లను దశాబ్దాలుగా ప్రజాసేవగానే నడిపింది, బిలాస్‌పూర్ రైల్వే కార్మికులకు ఆ సంగతి బాగా తెలుసు. 2025 బడ్జెట్‌లో కేంద్రం ఉడాన్ కింద పదేళ్లలో 120 కొత్త ఊళ్లకు విమానాలు, నాలుగు కోట్ల మంది ప్రయాణికులు అని ప్రకటించింది. కొత్త ఊళ్ల జాబితా వేసేముందు, ఉన్న ఊళ్లలో ఆగిపోయినవెన్ని, ఎందుకు ఆగాయో ఊరూరి లెక్క పార్లమెంటు ముందు పెట్టాలి. పౌర విమానయాన శాఖ ఇప్పుడు శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు చేతిలో ఉంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల తెలుగు కుటుంబాల్లో చాలామంది మూలాలు ఆయన నియోజకవర్గం చుట్టుపక్కలే. అలయన్స్ ఎయిర్ ఇప్పటికీ ప్రభుత్వ సంస్థే కాబట్టి, బిలాస్‌పూర్ - హైదరాబాద్, బిలాస్‌పూర్ - విశాఖ విమానాలను నడిపి చూడమని అడిగే హక్కు ఆ కుటుంబాలకుంది.

సర్వీసు తగ్గించే ముందు కనీసం మూడు నెలల ముందు స్థానిక భాషలో ప్రకటన, జిల్లా కేంద్రంలో బహిరంగ విచారణ తప్పనిసరి చేయాలి. ఒక రైలు స్టాపు ఎత్తేస్తే ఎంపీలు ధర్నా చేస్తారు. విమానం ఎత్తేస్తే ఇవాళ ఎవరికీ చెప్పాల్సిన పనే లేదు.

అన్నిటికంటే ముందు భూమి. తెలుగు రాష్ట్రాల్లో దొనకొండ, ఆదిలాబాద్, రామగుండం దగ్గరి బసంత్‌నగర్, నాగార్జునసాగర్ ఇలా వాడకంలో లేని రన్‌వేలున్నాయి. హైదరాబాద్‌లోనే నాదర్‌గుల్ చిన్న రన్‌వే శిక్షణ విమానాలకు ఆధారం. 2008 మార్చిలో శంషాబాద్ తెరుచుకున్నాక బేగంపేటలో టికెట్ ప్రయాణికుల రాకపోకలు ఆగినా, వైమానిక దళానికీ, శిక్షణకూ, ప్రముఖుల విమానాలకూ రన్‌వే మిగిలింది. అది ఇవాళ ఎంత పనికొస్తోందో నగరవాసులకు తెలుసు. మిగతా వాటికి ఆ అదృష్టం లేదు. రెండు రాష్ట్రాల రెవెన్యూ శాఖలు ఈ రన్‌వేల హద్దులను సర్వే చేసి, రాళ్లు పాతి, రెండు కొసల దగ్గరా పొడిగింపుకు కావలసిన మేర ఏ శాఖకూ కేటాయించకూడదని రికార్డుల్లో నమోదు చేయాలి. అక్కడ సాగు చేసుకుంటున్న రైతులను ఖాళీ చేయించాల్సిన పని లేదు, సాగు సాగనివ్వవచ్చు. శాశ్వత కట్టడాలు మాత్రం రాకుండా చూస్తే చాలు. ఇది కలెక్టరు స్థాయిలో ఒక ఉత్తర్వుతో అయ్యే పని, దీనికి కేంద్రం అనుమతి అక్కర్లేదు, కోట్లూ అక్కర్లేదు. ఆదిలాబాద్‌లోనో దొనకొండలోనో పదిమంది లాయర్లు, పదిమంది వర్తకులు కలిసి ఒక అర్జీ పెట్టుకుంటే, వచ్చే సర్వే సీజనులోనే ఈ పని మొదలుపెట్టవచ్చు.